వేళ్లు తెల్లబడే దాకా ఆగకండి: కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి, మంత్రిత్వ శాఖ అధికారులకు,

నమస్కారం.

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వైద్యుడు గుర్తించిన వెంటనే ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితా ఆ చట్టం మూడో షెడ్యూలులో ఉంది. అందులో 29 జబ్బులున్నాయి. సీసం విషం ఉంది, సిలికోసిస్ ఉంది, ఆస్‌బెస్టాసిస్ ఉంది, మోత వల్ల వచ్చే చెవుడు ఉంది. అదిరే యంత్రాలను పట్టుకుని పనిచేసేవారి చేతి నరాలకు వచ్చే జబ్బు, అంటే చేతి కంపన వ్యాధి, మాత్రం లేదు. ఫ్యాక్టరీల చట్టంలోని పాత జాబితాలోనూ అది లేదు. దాన్ని చేర్చమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధిస్తాను. జంతువులపై ప్రయోగాలకు అనుమతినిచ్చే నైతిక సంఘంలో కొంతకాలం సభ్యురాలిగా కూడా ఉన్నాను. ఏ ప్రతిపాదన వచ్చినా అక్కడ మేము మొదట అడిగేది ఒకటే: ఈ మూగజీవాలు పడబోయే బాధ ఎవరికి ఎలా ఉపయోగపడుతుంది? జవాబు సరిగా లేకపోతే ఫైలు వెనక్కి పంపేవాళ్లం. కంపనం నరాలను ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దాదాపు నలభై ఏళ్లుగా ప్రపంచంలో ఎన్నో ఎలుకలను వాడారు. వాటి వల్ల తెలిసింది చాలా ఉంది. మన దేశంలో రాయి తొలిచే మనిషికి అందులో చిటికెడు కూడా అందలేదు. నా బాధంతా ఇదే.

1987లో స్వీడన్ పరిశోధకులు ఎలుకల వెనుక కాళ్లను సెకనుకు 82 సార్లు అదిరే పరికరంతో రోజుకు 4 గంటల చొప్పున 5 రోజుల పాటు కంపనానికి గురిచేశారు. తర్వాత పాదానికి వెళ్లే నరాన్ని పరిశీలిస్తే దాని పొరల్లో నీరు చేరి ఉంది. చర్మం వాస్తే కంటికి కనిపిస్తుంది, నరం లోపల వాస్తే ఎవరికీ కనిపించదు. కొన్నేళ్ల తర్వాత పరిశోధకుల దృష్టి కాలి నుంచి తోకకు మళ్లింది. చర్మం, ఎముక, స్నాయువులు, నరాలు, రక్తనాళాలు మన వేలిలో ఎంత దగ్గరగా అమరి ఉంటాయో ఎలుక తోకలోనూ అలాగే ఉంటాయి. అదురుకు తోక స్పందించే తీరు కూడా వేలికి దగ్గరగానే ఉంటుంది. సెకనుకు వంద నుంచి మూడు వందల సార్ల మధ్య ఉండే కంపనానికి తోకలో, వేలిలో కూడా అదురు మరింత పెరుగుతుంది. అమెరికాలో మిల్వాకీలోని విస్కాన్సిన్ వైద్య కళాశాల, మోర్గన్‌టౌన్‌లో ఉన్న నియోష్ (అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ) ప్రయోగశాల ఈ పద్ధతిలో చాలాకాలం పనిచేశాయి.

ఆ ప్రయోగం ఎలా జరుగుతుందో మీకు తెలియాలి. మెలకువగా ఉన్న ఎలుకను, అటూ ఇటూ తిరగడానికి వీల్లేని గొట్టంలోకి పంపుతారు. బయట మిగిలిన తోకను చదునైన చిన్న పలక మీద పరిచి పట్టీలతో బిగిస్తారు. పలక అదరడం మొదలవుతుంది. పక్కనే మరో గుంపు ఎలుకలను సరిగ్గా అలాగే గొట్టాల్లో ఉంచి, తోకలు బిగించి, యంత్రాన్ని మాత్రం నడపరు. కదలనివ్వకపోవడం వల్ల కలిగే ఒత్తిడిని కంపనం వల్ల కలిగే హాని నుంచి వేరు చేసి చూడడానికి ఆ గుంపు కావాలి. ఇలా నాలుగు గంటలు సాగుతుంది. చాలా ప్రయోగాల్లో రోజుల తరబడి ఇదే పని. చివరికి నరాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి కాబట్టి ఎలుకను చంపుతారు. మన చేతుల గురించి మనకు తెలిసిన విషయాలకు మూల్యం చెల్లించింది ఆ జీవాలే.

ఈ పరిశోధనలన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది విస్కాన్సిన్ బృందం 2009లో ప్రచురించిన ఫలితం. రోజుకు 4 గంటల చొప్పున కొన్ని ఎలుకల తోకలను 7 రోజులు, కొన్నిటిని 14 రోజులు కంపనానికి గురిచేశారు. రెండు గుంపుల్లోనూ నరంలో సంకేతం పరుగెత్తే వేగం తగ్గింది. నరపు పోగుల మీద మైలిన్ అనే పొర కరెంటు తీగ మీది తొడుగులా ఉంటుంది. ఎన్ని పోగుల్లో ఆ పొర చెదిరిందో, వేగం ఆ మేరకు పడిపోయింది. పోగుల సంఖ్యలో మాత్రం తేడా రాలేదు. అంటే పోగులు అక్కడే ఉన్నాయి, వాటి పనితనం పోయింది. ఆ తర్వాత ఎలుకలకు 2 నెలలు విశ్రాంతి ఇచ్చారు. 7 రోజులు అదిరిన ఎలుకల్లో వేగం తిరిగి మామూలు స్థాయికి చేరింది. 14 రోజులు అదిరిన వాటిలో చేరలేదు.

ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ నడుమ ఎక్కడో ఒక గీత ఉందన్నమాట. గీతకు ఇవతల పని ఆపితే నరం కోలుకుంటుంది. అవతలికి వెళ్లాక ఆపితే రెండు నెలల విశ్రాంతి కూడా చాలలేదు. ఎలుక ఆయుష్షే రెండు మూడేళ్లు, కాబట్టి దానికి రెండు నెలలు చిన్న గడువు కాదు. మనిషిలో ఆ గీత ఏళ్ల మీద పడవచ్చు, ఒక్కొక్కరిలో ఒక్కోచోట పడవచ్చు. గీత దాటకముందే మనిషిని పట్టుకునే ఏర్పాటు చట్టంలో ఉందా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే బాధితుడు తనంతట తాను దీన్ని పట్టుకోలేడు. దీనికీ ఎలుకల నుంచే ఆధారం దొరికింది. 2007లో నియోష్ పరిశోధకులు సెకనుకు 125 సార్లు అదిరే కంపనానికి తోకను ఒకే ఒక్కసారి, 4 గంటల పాటు గురిచేశారు. స్పర్శను మోసే లావాటి పోగుల చురుకుదనం తగ్గింది, కాసేపటికే తిరిగి వచ్చింది. అక్కడితో ఆపి ఉంటే ప్రమాదమేమీ లేదని రాసుకునేవారు. కానీ మర్నాడు తోక నరాన్ని పరీక్షిస్తే నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి సంబంధించిన జన్యువు, రక్తనాళాలను ప్రభావితం చేసే మరో ప్రోటీన్‌కు చెందిన జన్యువు మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తున్నాయి. స్పర్శ మామూలైపోయినా, నరం మాత్రం ఆ దెబ్బకు ఇంకా స్పందిస్తూనే ఉంది. సాయంత్రం యంత్రం దించాక వేళ్లు తిమ్మిరెక్కి, అన్నం తినే వేళకు సర్దుకునే ప్రతి కార్మికుడూ “తగ్గిపోయిందిలే” అనుకుని పడుకుంటాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ యంత్రం పట్టుకుంటాడు.

2011లో విస్కాన్సిన్ బృందమే రివెట్లు కొట్టే సుత్తి యంత్రంతో మరో ప్రయోగం చేసింది. ఒకే విడతలో 12 నిమిషాలు చాలాయి, తోక చర్మంలోని నరాల కొసలు దెబ్బతినడానికి.

ఇక మన దగ్గరికి వద్దాం. మా ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి దేశదేశాలకు వెళ్తుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ అదే. పెద్ద క్వారీల్లో వజ్రపు తీగ కోత వచ్చి చాలా పని మారింది. అయినా రాతిలో వరసగా బెజ్జాలు వేయడానికి కంప్రెసర్ గాలితో నడిచే జాక్‌హామర్ పట్టిన మనుషులు ఇంకా ఉన్నారు. కరీంనగర్, ఖమ్మం క్వారీల్లోనూ ఉన్నారు. ఆళ్లగడ్డ శిల్పుల చేతుల్లో ఉలితో పాటు ఇప్పుడు గ్రైండర్ కూడా చేరింది. పైపులైన్ల కోసం హైదరాబాదు రోడ్లను పగలగొట్టే కుర్రవాళ్ల చేతుల్లో బ్రేకర్లు ఉంటాయి. వీళ్లలో చాలామంది ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్లు. ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది మరో రాష్ట్రంలో. వాళ్ల పేరు మీద వైద్య చీటీ ఒక్కటైనా ఎక్కడా నిలవదు.

అలా వచ్చిన ఒక డ్రిల్లర్‌ను దగ్గర నుంచి పరీక్షించాను. ముప్పై అయిదేళ్లు దాటని మనిషి. చొక్కా గుండీ తీయమంటే తలవంచి గుండీ వైపు చూస్తూ, బొటనవేలితో నాలుగైదు సార్లు వెతికి తీశాడు. కళ్లు మూసుకుని తీయమంటే అతని వల్ల కాలేదు. ఒక రూపాయి నాణెం, ఒక వాషరు అరచేతిలో పెడితే ఏది ఏదో చెప్పలేకపోయాడు. 128 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి చూపుడువేలి కొసన ఆనించాను. “పెట్టారా మేడం?” అని అడిగాడు. మోచేతి ఎముక మీద పెట్టగానే ఉలిక్కిపడ్డాడు. వేళ్లు తెల్లబడతాయా అంటే ఎప్పుడూ చూడలేదన్నాడు. అంతకుముందు అతను చూపించుకున్న చోట “నరాల బలహీనత” అని రాసి బి-కాంప్లెక్స్ సూదులు వేశారు. షుగరు పరీక్ష చేస్తే లేదని తేలింది. మెడ ఎక్స్‌రే కూడా తీశారు. నువ్వు రోజంతా చేతిలో ఏం పట్టుకుంటావని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ వైద్యులను తప్పుపట్టి లాభం లేదు. ప్రభుత్వ జాబితాలో లేని జబ్బును కళాశాలల్లో మేమూ గట్టిగా చెప్పము. పైగా పాఠ్యపుస్తకాల్లో ఈ జబ్బుకు గుర్తు తెల్లబడే వేలు. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కేవారిని పరీక్షించిన డాక్టర్ ఆలిస్ హామిల్టన్, గాలి సుత్తులు పట్టినవారి వేళ్లు చలికి పాలిపోయి మొద్దుబారడాన్ని వివరంగా నమోదు చేశారు. అప్పటి నుంచి అదే బొమ్మ అందరి మనసుల్లో ఉండిపోయింది. కానీ ఆ తెలుపు రావాలంటే చలి కావాలి. మన క్వారీల్లో మే నెలలో రాయి మీద చెయ్యి పెట్టలేము. మలేషియా వంటి వేడి దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో కూడా కంపన యంత్రాలు వాడేవారిలో వేళ్లు తెల్లబడడం అరుదుగా కనిపించింది. తిమ్మిరి, స్పర్శ తగ్గడం, పట్టు సడలడం ముందుకొచ్చాయి. చలి దేశంలో జబ్బు కంటికి కనిపిస్తుంది. ఇక్కడ కనిపించదు కాబట్టి లేదనుకుంటున్నాం.

ఎలుకల ప్రయోగాలు మనకు ప్రత్యేకంగా ఉపయోగపడేది ఇక్కడే. నరం దెబ్బతిన్నదని చెప్పడానికి తోక తెల్లబడేదాకా ఎవరూ ఆగలేదు. సంకేతం వేగం కొలిచారు, స్పర్శ కొలిచారు, పొరలను చూశారు. నరాల నష్టానికీ రక్తనాళాల నష్టానికీ వేర్వేరు కొలమానాలు ఉండాలని 1986లోనే స్టాక్‌హోం సమావేశంలో నిపుణులు తేల్చారు. మీరు జబ్బును జాబితాలో చేరుస్తూ “వేళ్లు తెల్లబడుట” అని మాత్రమే రాస్తే మన కార్మికులకు ఒరిగేదేమీ ఉండదు. నరాల లక్షణాలు మాత్రమే ఉన్నా జబ్బుగా గుర్తించాలి. ఈ మాట నిర్వచనంలోనే ఉండాలి.

యూరప్‌లో 2002 నాటి ఆదేశం ప్రకారం, 8 గంటల పనిదినానికి లెక్కగట్టిన చేతి కంపన తీవ్రత 2.5 మీ/సె² (త్వరణపు కొలత) చేరితే యజమాని నివారణ చర్యలు మొదలుపెట్టాలి, 5 మీ/సె² దాటకూడదు. మన దగ్గర క్వారీ యజమానిని నిలదీయడానికి ఇలాంటి అంకె చట్టంలో ఉండాలి. చేతిలోని డ్రిల్లు కంపనం 20 మీ/సె² అనుకుంటే ఏడున్నర నిమిషాల్లో మొదటి అంకె, అరగంటలో రెండో అంకె చేరిపోతాయి. మన డ్రిల్లర్లు గంటల తరబడి పట్టుకుంటారు.

ఆ అంకెలను కూడా కళ్లు మూసుకుని తెచ్చుకోవద్దని మనవి. వాటికి ఆధారమైన ఐఎస్‌ఓ 5349 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్క వేగంగా అదిరే కంపనాలకు చాలా తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. సెకనుకు 125 సార్లు అదిరేదాన్ని దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గించి లెక్కిస్తుంది. పైన చెప్పిన 2007 ప్రయోగంలో తోకకు ఇచ్చినది 49 మీ/సె², అంటే గురుత్వ త్వరణానికి అయిదు రెట్లు. మనిషి చేతికి వాడే లెక్కలో వేస్తే అది సుమారు 6 అవుతుంది. 4 గంటలే కాబట్టి రోజు మొత్తానికి సర్దితే నాలుగున్నర లోపే. యూరప్ గరిష్ఠ పరిమితికి లోబడిన మోతాదు అది. అయినా నరంలో మార్పు వచ్చింది. నిమిషానికి పదకొండు వేల సార్లు తిరిగే గ్రైండర్ కంపనం సెకనుకు సుమారు 180 సార్లు ఉంటుంది. వేలు ఎక్కువగా అదిరేది ఆ పరిధిలోనే, లెక్క తక్కువ చేసి చూపేదీ ఆ పరిధిలోనే. ఆళ్లగడ్డలో శిల్పాలకు నగిషీ దిద్దే మనిషికి ఈ తేడా చాలా పెద్దది.

ఎలుక మనిషి కాదని మీ నిపుణులు అంటారు. నిజమే. తోక యంత్రాన్ని బిగించి పట్టుకోదు. పట్టు బిగువు, రాతి ధూళి, బీడీ, నిద్రలేమి, ఇవేవీ గొట్టంలోని ఎలుకకు లేవు. వారాల ప్రయోగం ఇరవై ఏళ్ల జీవనానికి సరితూగదు. అందుకే ఎలుకల నుంచి అంకెలు తీసుకుని మనుషులకు అంటగట్టమని నేను కోరడం లేదు. నష్టం ఏ వరసలో నడుస్తుందో అవి చూపించాయి: ముందు వాపు, తర్వాత మైలిన్ చెదరడం, స్పర్శ వచ్చీ పోతూ ఉండడం, ఒక దశ దాటాక తిరిగి రాకపోవడం. డ్రిల్లర్ల చేతుల్లో వైద్యులు చూసేదీ ఈ వరసకు దగ్గరగానే ఉంది. మనుషుల మీద ప్రయోగం చేసి గీత ఎక్కడుందో కనుక్కోవడం ఎవరికీ తగని పని. ఇప్పుడు జరుగుతున్నది మాత్రం అదే, కొలతలు తీసుకునేవారు కూడా లేకుండా.

ఇక నా విన్నపాలు. మూడో షెడ్యూలులో చేతి కంపన వ్యాధిని, నరాల లక్షణాలను స్పష్టంగా పేర్కొంటూ, నోటిఫికేషన్ ద్వారా చేర్చండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తి వ్యాధుల జాబితాలో కంపన వ్యాధులు ఎప్పటి నుంచో ఉన్నాయి. గాలి కాలుష్యం, శబ్దం, కంపనాలపై ఆ సంస్థ 1977లో చేసిన 148వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. దాన్నీ పరిశీలించండి.

నలభై దాటిన కార్మికులందరికీ, ప్రమాదకర పరిశ్రమల్లోనైతే వయసుతో పనిలేకుండా, ఏటా ఉచిత వైద్య పరీక్ష ఉంటుందని కొత్త కోడ్‌లు అమలైన రోజు మీ శాఖ ప్రకటించింది. సంతోషం. కానీ పద్దెనిమిదేళ్లకు బ్రేకర్ పట్టి రోడ్డు పగలగొట్టే కుర్రవాడు నలభై దాకా ఆగితే, ఎలుకల భాషలో చెప్పాలంటే పద్నాలుగో రోజు ఎప్పుడో దాటిపోతుంది. అదిరే యంత్రం పట్టే ప్రతివారినీ మొదటి ఏడాది నుంచే పరీక్షించాలి. ఆ పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక శ్రుతిదండం, స్పర్శ చూసే నైలాన్ పోగులు, పట్టు బలం కొలిచే చిన్న పరికరం, పది నిమిషాల ఓపిక చాలు. తేడా కనిపించినవారికి మాత్రమే నరాల వేగం కొలిచే పరీక్ష చేయించవచ్చు. తేడా వచ్చినవారికి వేరే పని చూపాలి, కూలి తగ్గకూడదు. కూలి పోతుందంటే ఎవరూ నిజం చెప్పరు. “ఏమీ లేదు సార్” అని చెయ్యి వెనక్కి లాక్కుంటారు.

పరిశోధన మన గడ్డ మీద కూడా జరగాలి. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం నియోష్ సిబ్బందిలో అత్యధికులకు తొలగింపు నోటీసులు ఇచ్చింది. ఇంతకాలం మనం అరువు తెచ్చుకున్న జ్ఞానం ఇకపై అదే ధారగా వస్తుందని ధీమాగా ఉండలేము. అహ్మదాబాదులో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. నాగపూర్‌లోని జాతీయ గని కార్మికుల ఆరోగ్య సంస్థను అందులో విలీనం చేయాలని 2019లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి జంతు వనరుల కేంద్రం ఉంది. మన క్వారీల్లో వాడే డ్రిల్లుల కంపనాన్ని నమోదు చేసి, మన ఎండల్లోని ఉష్ణోగ్రత వద్ద నరాలకు ఏమవుతుందో తేల్చే పని ఈ సంస్థలు కలిస్తే జరుగుతుంది. ఇప్పటికే తెలిసినదాన్ని మళ్లీ తెలుసుకోవడానికి మాత్రం ఒక్క ఎలుకను కూడా వాడవద్దు. కొత్త ప్రశ్నకే వాడాలి. పరిశోధన ముగిసేదాకా షెడ్యూలు మార్పును ఆపడానికి దాన్ని సాకుగా చూపకూడదు.

గనుల భద్రతా డైరెక్టరేట్ మీ శాఖ కిందే ఉంది. చీమకుర్తి క్వారీల దగ్గర ఒక శిబిరం పెట్టి, డ్రిల్లర్ల చేతులను యజమానుల సమక్షంలో కాకుండా విడిగా పరీక్షించమని వారిని ఆదేశించండి. తేదీ చెబితే పరీక్షలు చేయడానికి నేనూ నా విద్యార్థులూ మా పరికరాలతో వస్తాం. ఫలితాలను పేర్లు లేకుండా మీకు, జిల్లా కలెక్టరు గారికి, కార్మిక సంఘాలకు ఒకే రోజు అందజేస్తాం.

భవదీయురాలు,
శరీరధర్మశాస్త్ర ఉపాధ్యాయిని,
ప్రకాశం జిల్లా